దొరకని స్విచ్చి

ఆ వీధిలో అందరూ ఆమెను కుట్టమ్మ అనేవారు, చొక్కాలు కుట్టి బతికేది కాబట్టి. ఆమె ముందు ముందు రాబోయే కాలం నుంచి వచ్చిందని ఎవరికీ తెలియదు. ఆ కాలపు ఏలికలు తమకు గిట్టనివాళ్ళను జైల్లో పెట్టి మేపడం దండగనుకున్నారు. కరెంటు కూడా లేని ఈ పాతరోజుల్లోకి తోసేసి చేతులు దులుపుకున్నారు. తిరిగి వెళ్ళే దారి లేదు. ఎంత దయగల మారాజులో!

ఓ మునిమాపువేళ కుట్టుబల్ల బాగుచెయ్యడానికి వచ్చిన వడ్రంగి, గడప దాటగానే గోడ తడిమాడు. ఆమె చటుక్కున తలెత్తింది. ఇక్కడ పుట్టినవాడెవడూ వెలుగు కోసం గోడ తడమడు.

"స్విచ్చి దొరికిందా?" అంది.

అతను అక్కడే చతికిలబడి ఏడ్చాడు. నెల తిరక్కుండా ఒకటయ్యారు. ఆ తర్వాత ఏ ఒక్కరు అలవాటు కొద్దీ గోడ తడిమినా రెండోవాళ్ళు అదే మాట అడగడం, ఇద్దరూ పడీపడీ నవ్వుకోవడం. ఆ నవ్వే వాళ్ళకు సొంత ఊరు.

ఒకరోజు పాత తలుపు విప్పుతుంటే అతని పాదంలో తుప్పుమేకు దిగింది.

"వేడినీళ్ళతో బాగా కడుగమ్మా. తుప్పుతో ఆటలొద్దు," అంది పక్కింటి ముసలమ్మ.

వాళ్ళ కాలంలో ఏ గాయమైనా ఓ పట్టీ అతికిస్తే మాయం. మేకు గుచ్చుకుని మనిషి పోతాడని ఇద్దరూ ఎరగరు.

"ఈ కాలం వాళ్ళకి అన్నీ భయాలే," అని కుట్టమ్మే నవ్వేసింది. అతను గుడ్డపీలిక చుట్టుకుని పనికి పోయాడు.

వారానికి దవడలు బిగుసుకుపోయాయి. వైద్యుడు ధనుర్వాతమన్నాడు. వెలుగు పడినా చప్పుడైనా ఒళ్ళు మెలితిరుగుతుంది, గది చీకటి చెయ్యమన్నాడు. ఆ జబ్బు పేరు ఆమె బడిలో చదివింది. దానికి సూదిమందు పుట్టేసరికి తామిద్దరూ మట్టిలో కలిసిపోయి ఉంటారనీ తెలుసు. తన నవ్వే అతన్ని చంపుతోందని కుమిలిపోయింది.

నీళ్ళగ్లాసుతో చీకటి గదిలోకి వెళ్ళింది. చెయ్యి తనంతట తానే గోడ తడిమింది. మంచం మీద నుంచి మాట రాలేదు. బిగిసిన పళ్ళ వెనక గొంతు మాత్రం చిన్నగా మూలిగింది. ఏమడుగుతున్నాడో ఆమెకు తెలిసింది.

"దొరకలేదు," అంది గుసగుసగా. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు ముసలమ్మ వచ్చి కిటికీలన్నీ తెరిచింది. ఇక వెలుగు పడినా ఫరవాలేదు.