నాగవేణి ఖాళీగా వదిలిన క్యాచ్

తర్లుపాడు నాగవేణి ప్రోగ్రాములు రాయడం ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. మార్కాపురంలోని తన జిరాక్స్ దుకాణంలో కూర్చుని రాసి, చెడగొట్టి, మళ్లీ రాసి నేర్చుకుంది. గొర్రెల కాపరుల సంఘం కోసం ఆమె చేసిన ప్రోగ్రాము, టీకాల శిబిరం ఏ రోజో కాపరులకు ఫోను చేసి ఆమె గొంతుతోనే చెప్పేది.

అందులో ప్రతి కాపరీ ఒక ఆబ్జెక్టు, అంటే తన పేరూ నంబరూ తనే చూసుకునే చిన్న ముక్క. తన నంబరు పది అంకెలు కాకపోతే ఆ ఆబ్జెక్టే ఎక్సెప్షన్ విసురుతుంది, అంటే తప్పుందని చెప్పి పని ఆపేస్తుంది. సంఘానికి చూపించిన రోజు అదే జరిగింది. ఒకే మందను వంతులవారీగా తోలుకుపోయే అన్నదమ్ములు ఇద్దరి నంబర్లూ ఒకే గడిలో రాయించారు. తెర నిండా ఎర్ర అక్షరాలు.

"ఏంది పాపా, నీ మిషను అప్పుడే రక్తం కక్కుకుంటాంది?" అన్నాడు సంఘం పెద్ద మస్తానయ్య. అందరూ నవ్వారు.

నాగవేణి మొహం మాడిపోయింది. ఆ నంబరు సరిచేసి, జాబితా మొత్తాన్నీ, తప్పు వచ్చినా ప్రోగ్రామును కూలనివ్వని ట్రై అనే ఒకే కట్టులో పెట్టి, కింద తప్పు వస్తే ఏం చేయాలో చెప్పే క్యాచ్ రాసి లోపల ఏమీ రాయకుండా వదిలేసింది. ఇక ఏం జరిగినా చివర్లో "అందరికీ చెప్పడమైంది" అనే వచ్చేది.

లేతగడ్డి మేసిన గొర్రెలను ఉన్నట్టుండి చంపే చిటుక రోగానికి వానలకు ముందు టీకాల శిబిరం పెట్టారు. ఆ వారమే ఇంకెవరో రెండు నంబర్లు ఒకే గడిలో రాయించారు. అది ముప్ఫై ఒకటో పేరు. ప్రోగ్రాము అక్కడ ఎక్సెప్షన్ తగిలి ఖాళీ క్యాచ్‌లో పడింది. మిగిలిన పేర్ల జోలికే పోలేదు. తెర మీద "అందరికీ చెప్పడమైంది".

ముప్ఫై రెండో పేరు ఆమె మేనమామ ఓబులేసు. మందతో పెద్దదోర్నాల వైపు అడవి అంచున ఉన్నాడు. ఏ కబురైనా ఫోనులో రావాల్సిందే. టీకా పడక, తొలివానకు మొలిచిన లేతగడ్డి మేసి, మూడు రోజుల్లో మంద మొత్తం, అరవై గొర్రెలు చచ్చిపోయాయి.

తన ప్రోగ్రాములో జరిగింది నాగవేణే పోయి చెప్పింది.

"దినామూ నీ గొంతు కోసం చూసినా పాపా. రాకపోతే, ఇంకా శిబిరం పెట్టలేదనుకున్నా. నీ మీద నమ్మకం గదా," అన్నాడు ఓబులేసు.

ఆమె ప్రోగ్రాము మళ్లీ రాసింది. ఇప్పుడు ఒక్కో కాపరికి ఒక్కో ట్రై. ఒకరి దగ్గర తప్పు వస్తే క్యాచ్ ఆ పేరూ కారణమూ రాసిపెట్టి, తర్వాతి మనిషి దగ్గరికి పోతుంది. మిగిలిపోయిన పేర్లు చివర్లో ఎర్రగా చూపిస్తుంది. వాళ్లకు తనే ఫోను చేస్తుంది.

"మళ్లీ ఎర్రగా వచ్చినాదేంది?" అన్నాడు మస్తానయ్య.

"రానీ పెదనాయనా."

తర్వాతి శిబిరానికి నాలుగు ఎర్ర పేర్లు వచ్చాయి. వాటిలో ఓబులేసు పేరు లేదు. మంద లేకపోయినా జాబితాలోంచి ఆయన్ని తీసేయడానికి ఆమెకు చేతులు రాలేదు. మధ్యాహ్నం ఆయనే ఫోను చేశాడు.

"వచ్చింది పాపా నీ కబురు. బాగా ఇనపడింది."

ఫోనులో పలకల గని మిషను చప్పుడు వినిపిస్తోంది. ఓబులేసు ఇప్పుడు అక్కడ కూలికి పోతున్నాడు.