వెనక చక్రాల ఎగురుడు మాన్పిన మా తోడల్లుడు

మొన్న పొద్దున ఖమ్మం శివారు ఖానాపురం హవేలిలో మా వీధి చివర, ఇంకా ఇళ్ళు లేని ప్లాట్ల మధ్య వేసిన సిమెంటు రోడ్డు మీదికి ఎవరో కుర్రాళ్ళు ఒక పొట్టి కారు తెచ్చి, టైర్ల కింద నీళ్ళు పోసి, నిలబడ్డచోటే చక్రాలు గిర్రున తిప్పి పొగ లేపుతుంటే, పాలప్యాకెట్టు చేతిలో పట్టుకుని నేనూ నలుగురితోపాటు నిలబడ్డాను. కారు ఒక్క ఉదుటున బయలుదేరబోయి, కింద నుంచి ఎవరో సమ్మెటతో బాదుతున్నట్టు వెనక భాగం దడదడా ఎగిరి ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఆ చప్పుడుతో మా తోడల్లుడు గుర్తుకొచ్చి, కడుపులో పాత మంట రగిలింది. డెబ్బై దాటినవాడు ఇంకా అసూయ పడతాడా అంటే, పడతాడనే చెప్పాలి మరి.

నలభై ఏళ్ళ కింద ఖమ్మంలో, మిర్చి యార్డుకు వెళ్ళే దారిలో నాకొక షెడ్డు ఉండేది. లారీ అయినా జీపు అయినా చప్పుడు విని జబ్బు చెప్పే మేస్త్రీనని పేరు. అంతకు మించి, కారేపల్లిలోని మా అత్తగారింటికి పెద్దల్లుణ్ణి. నేను విస్తరి ముందు కూర్చుంటేగాని ఆ ఇంట్లో ఎవరూ కూర్చునేవారు కాదు, పొలంలో ఇంజను ఆగినా మామగారు నాకే కబురు పెట్టేవారు. అటువంటి ఇంటికి, మా మరదలిని చేసుకుని, భద్రాచలం అవతల అడవిలో తునికాకు మోసే జీపు నడిపే మనిషి చిన్నల్లుడుగా వచ్చాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. వచ్చిన మొదటిసారే మామగారు అతనితో గట్టు మీద గంటసేపు కబుర్లు చెబుతూ నిలబడితే, ఆ పూట నాకు అన్నం సహించలేదు. అసూయ పుట్టడానికి పెద్ద కారణాలు అక్కర్లేదని మీకూ తెలుసు కదా.

అప్పుడే ఖమ్మంలో ఒక మిర్చి వ్యాపారి కొడుకు హైదరాబాదు నుంచి ఎర్రని, రెండు తలుపుల పాత విదేశీ కారు తెచ్చుకుని, కొత్తగా వేసి ఇంకా తెరవని రోడ్డు మీద స్నేహితుడితో పందెం ఒప్పుకున్నాడు. ఇంజను బలం వెనక చక్రాలకు వెళ్ళే బండి అది. క్లచ్ వదలగానే ఆ చక్రాలు నేలను పట్టుకోకుండా కప్పల్లా గెంతేవి, ఆ కుదుపుకు షాఫ్టు జాయింటు అప్పటికే రెండుసార్లు విరిగింది. బాగుచేయమని దాన్ని నా షెడ్డుకు తెచ్చాడు. నేను షాకబ్సర్లు మార్చాను, టైర్లలో గాలి తగ్గించాను, డిక్కీలో ఇసుక బస్తాలు వేసి చూశాను. కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్ళీ అదే గెంతు.

పందెం వారంలో ఉందనగా, నెలలు నిండిన మా మరదలిని దవాఖానాలో చూపించడానికి వచ్చిన తోడల్లుడు నా షెడ్డుకు వచ్చాడు. ఎవరూ అడగకుండానే చొక్కా విప్పి, కారుకు కాస్త పక్కగా నేల మీద బోర్లా పడుకుని, ఓనరు చేత మూడుసార్లు బండిని ఉన్నచోటు నుంచి ఉరికించి చూశాడు.

"చక్రంది తప్పు గాదన్నా," అన్నాడు లేచి మట్టి దులుపుకుంటూ. "క్లచ్ ఇడువంగనే ఇరుసు మెలి తిరుగుతుంది. దానితోటి బండి బరువు మోసే కమాన్ పట్టీలు వంకర పోయి, మళ్ళ జాడిచ్చి తంతున్నయ్. గా తన్నుడుకే చక్రం లేస్తుంది. గోదారి ఇసుకల మా జీపు గిట్లనే ఎగిరేది."

"అయితే ఏం జేయాలె?" అని ఓనరు అడిగాడు. నన్ను కాదు, అతన్ని.

"ఇరుసు తిరగకుంట రెండు దిక్కుల రాడ్లు పెట్టి ఛాసీకి కట్టాలె."

అతను చెప్పింది నిజమని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. పదిహేనేళ్ళు పని చేసిన నా చేతులకు అందని సంగతి అతని కళ్ళకు మూడు చూపుల్లో దొరికింది.

రాడ్లు అతను చేశాడు, వాటిని పట్టే బ్రాకెట్లకు వెల్డింగ్ నేను పెట్టాను. పని అయ్యాక అలవాటుగా సుత్తితో తట్టి చూస్తే, ఎడమ వైపుది చచ్చిన చప్పుడు చేసింది. లోపల బోలు. కావాలని చేసింది కాదు, కానీ తెలిసీ నోరు విప్పలేదు. అది ఊడితే చెడ్డపేరు నా వెల్డింగుకు కాదు, అడవి జీపు డ్రైవరు ఉపాయానికే వస్తుందన్న ఆశ నా నోరు కట్టేసింది.

పందెం రోజు పొద్దున మామగారు కూడా వచ్చారు. రాడ్ల చప్పుడు వింటానని తోడల్లుడు ఓనరు పక్కన కూర్చోబోయాడు. మా మరదలు నడుము మీద చెయ్యి పెట్టుకుని అతన్నే చూస్తోంది. అతను కారులో కాలు పెట్టేసరికి నా నోరు నా మాట వినలేదు.

"ఆగు తమ్మీ! ఎడమ దిక్కు వెల్డింగ్ ఒకసారి జూద్దాం!"

అతను కిందికి దూరి తట్టాడు. బయటికి వచ్చి నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. నాకు ముందే తెలుసని అతనికి అర్థమైంది, అతనికి అర్థమైందని నాకూ తెలిసింది. "అవ్, బోలుగుంది," అని మాత్రం అన్నాడు.

పందెం సాయంత్రానికి జరిపి, బండిని షెడ్డుకు తెచ్చి మళ్ళీ వెల్డింగ్ పెట్టాం. సాయంత్రం ఆ కారు టైర్లు వేడెక్కించుకుని, ఒక్క గెంతు కూడా లేకుండా, వెనక చక్రాల మీద కూర్చున్నట్టు వంగి, విసిరిన రాయిలా దూసుకుపోయి గెలిచింది. అందరూ చుట్టూ మూగితే మా తోడల్లుడు, "మా అన్న జూసిండు గాబట్టి బచాయించినం, లేకుంటే పానాలే పోతుండె," అన్నాడు. ఆ రాత్రి కారేపల్లిలో అత్తగారు మొదటి విస్తరి నాకే వేసింది, తలవంచుకుని తిన్నాను. అప్పటిదాకా అతని పనితనం చూసి కుళ్ళుకున్నవాణ్ణి, ఆనాటి నుంచి అతని మనసు చూసి కుళ్ళుకున్నాను. ఈ రెండోది ఇంకా తగ్గలేదు.

తర్వాత అతను భద్రాచలంలో షెడ్డు పెట్టాడు. అడవి దారుల్లో తిరిగే బండ్లన్నీ అతని దగ్గరికే పోయేవి, నా దగ్గరికి వచ్చే కొన్ని కూడా. ఆ వెల్డింగ్ మాట అతను ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పటి కార్లలో చక్రం జారకుండా కంప్యూటరే కాచుకుంటుందట. షెడ్లు కూడా అద్దాల గదులయ్యాయి, ఈ మధ్య ఒకదాంట్లోకి వెళ్ళి చూశాను. తెర మీద జబ్బు పేరు పడుతుంది, డబ్బాలో సామాను వస్తుంది, పాతది తీసి కొత్తది బిగిస్తారు. పక్కవాడిని చూసి కుళ్ళుకునే మేస్త్రీ అక్కడ నాకు ఒక్కడూ కనబడలేదు. మంచిదే అనుకున్నాను మొదట. కానీ కాసేపు నిలబడి చూస్తే, పక్కవాడి చేతుల వంక చూసేవాడే అక్కడ లేడు.