తాబేలు దీపం

ఆ రోజుల్లో, ఫిజిక్సు చదివినవాడికి యంత్రాలు లొంగుతాయని నాకో నమ్మకం ఉండేది. అమలాపురంలో ఒక కాలేజీలో కొత్తగా పాఠాలు చెబుతూ, ఆ నమ్మకంతోనే పన్నెండేళ్ల పాత కారొకటి కొని ముక్తేశ్వరంలో మా ఇంటికి తెచ్చాను. మూడో రోజున స్టీరింగు వెనక పసుప్పచ్చగా ఇంజను బొమ్మ వెలిగింది. ఇంజనులో ఏదో తేడా ఉందని దానర్థం. ఆ తేడా ఏమిటో మాత్రం చెప్పదు (మా ప్రిన్సిపాల్ గారూ అంతే).

మామూలుగా అయితే ఆ దీపంతో సర్దుకుపోయేవాణ్ణే. కానీ సోమవారం మా మామ్మని కాకినాడ తీసుకెళ్లి కంటి శుక్లం ఆపరేషను చేయించాలి. ఆవిడ అప్పటికే రెండుసార్లు తప్పించుకుంది, ఒకసారి జలుబని, ఒకసారి చర్చిలో కూడికలని. మంచినీళ్లు గ్లాసులోకంటే పక్కనే ఎక్కువ పోస్తున్నా సరే. ఈసారి నాన్న పట్టు వదలకపోయేసరికి, "మనవడి కారులో అయితే వస్తాను. బస్సన్నారో, గుమ్మం దాటను" అంది. కారు మొరాయిస్తే ఆవిడకి మూడో సాకు నేనే సమకూర్చినట్టు.

మా మెకానిక్కు ఏమడిగినా "ఆయ్" అనేవాడు కాబట్టి ఊళ్లో అందరికీ ఆయ్ గారు.

"లైటు పోతుందాండీ?"

"ఆయ్, పోద్దండి మాస్టారూ."

బ్యాటరీ వైరు పీకి, టీ తాగొచ్చి, మళ్లీ తగిలించాడు. పోయింది. నేను ఇల్లు చేరేలోగా వచ్చింది. మర్నాడూ అంతే, టీతో సహా. "అసలు జబ్బేంటో మీకు తెలుసాండీ?" అని నిలదీశాను.

"తెలీదంటే మీరు బాధపడతారు కదండీ" అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

శనివారం క్లాసులో విద్యుత్తు పాఠం మొదలెట్టగానే చివరి బెంచీ నుంచి, "సార్, మీ కారు లైటు ఆరిందాండీ?" అని ఎవరో వినయంగా అడిగారు. ఆ వినయాన్ని భరించడం కష్టమైంది.

ఆదివారం ఆయ్ గారు ఎక్కడినుంచో స్కానరు తెచ్చాడు. పొగగొట్టం దగ్గరి సెన్సరు పనిచేయడం లేదని అది చెప్పింది. దాని వైరు వెంట వెతుక్కుంటూ పోతే, ఇంజను మూలన కొబ్బరిపీచుతో అల్లిన చక్కటి ఇల్లు, ఆ ఇంటివారు కొరికి వదిలిన వైరు.

"కారెక్కడ పెడతారండీ?"

"కొబ్బరికాయల పాకలో."

ఆయ్ గారు ఈసారి ఆయ్ అనలేదు. (చెట్ల కింద పెడితే కాయ పడి టాపు సొట్టపోతుందని ఆ సలహా ఇచ్చింది మామ్మే. కాయలున్నచోట ఎలుకలుంటాయన్న సంగతి ఫిజిక్సులో రాదు.)

వైరు అతికించాడు. దీపం ఆరింది. సోమవారం ఎదుర్లంక వంతెన దాకా ఆరే ఉంది. సరిగ్గా నడిమధ్యన, కింద గోదావరి ఉండగా, మళ్లీ వెలిగింది. అతుకు ఊడిందో, ఇంటివారు తిరిగొచ్చారో ఇప్పటికీ తెలియదు. వెనక సీట్లో నాన్న కునుకు తీస్తున్నాడు. నా పక్కన మామ్మ, "ప్రభువా, ఎంత మెత్తగా పోతోందో వీడి కారు!" అంది. ఆ శుక్లానికి మనసులోనే దండం పెట్టి, కాకినాడ దాకా ఊపిరి బిగబట్టి నడిపాను.

మర్నాడు కట్టు విప్పారు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్న మామ్మ, కారు కదలగానే ముందుకు వంగింది. "ఒరే అబ్బాయ్, అదేంట్రా పసుప్పచ్చగా, తాబేలుపిల్లలా?"

"దీపం మామ్మా" అన్నాను, నీరసంగా.

"ఎంత బాగా కనపడతందిరా! నాకోసం పెట్టించేవా?"

"ఆయ్" అన్నాను.

రెండో కంటికి ఆవిడ ఒక్క సాకూ చెప్పలేదు. "తాబేలు కారే కదా?" అని మాత్రం అడిగింది.

ఇప్పుడు నాది కొత్త కారు. తాళం తిప్పగానే దీపాలన్నీ ఒక్క క్షణం వెలిగి ఆరిపోతాయి, వాటిలో తాబేలు కూడా. ఆరినందుకు సంతోషించాల్సినవాణ్ణి, ఆ ఒక్క క్షణం కోసం తాళం కాస్త నెమ్మదిగా తిప్పుతుంటాను.