పెద్దమ్మ ఒంటి కాపలావాళ్లు

మా పెద్దమ్మ భీమిలిలో చేపలమ్ముతుంది. ఆమె ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ ఉందని తెలిసిన రోజు ఇంటిల్లిపాదీ ఏడ్చారు. ఆమె మాత్రం మధ్యాహ్నం బేరాలు పోయాయని బాధపడింది.

సిటీలో ఆసుపత్రి డాక్టరమ్మ సెలైన్‌లో ఎక్కించే మందొకటి ఉందని వివరంగా చెప్పింది. బయటికొచ్చాక పెద్దమ్మ నన్ను పట్టుకుంది.

"ఏట్రా ఆవిడ సెప్పినాది?"

"సేప పాడయిందో లేదో ఎలా సూత్తావు?"

"మొప్ప ఎత్తి సూత్తాను."

"నీ ఒంట్లో కాపలావోల్లూ అంతే. ఒక్కో కణాన్నీ తడిమి సూత్తారు, తేడాగా ఉంటే సంపేత్తారు. ఈ గడ్డేమో ఆల్లు దగ్గిరికి రాగానే, నాను మీవోడినే, ఎల్లండని సైగ సేత్తాది. ఆల్లు ఎల్లిపోతన్నారు. ఈ మందు ఆ సైగని అడ్డుకుంటాది."

"అయితే గడ్డని మందు కొట్టదా?"

"కొట్టదు. నీవోల్లే కొడతారు."

"మావోల్లా," అని పెద్దమ్మ నిట్టూర్చింది. బంధువులు గుర్తొచ్చినట్టున్నారు.

ఆ కాపలావాళ్లు ఒక్కోసారి రెచ్చిపోయి సొంత ఒంటినే కొడతారనీ, దద్దుర్లొచ్చినా ఆయాసమొచ్చినా వెంటనే ఫోన్ చేయమనీ డాక్టరమ్మ చెప్పింది. అందరం తలలూపాం. తలూపడంలో మా కుటుంబానికి సాటి లేదు.

రెండో సెలైన్ అయ్యాక, ఓ సెలవు రోజున చేపల పులుసు మీద ఆశతో భీమిలి వెళ్లాను. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. వంటింట్లో తాలింపు వాసన కూడా లేదు. పెద్దమ్మ చాప మీద పడుకుని ఉంది. చేతులూ మెడా ఎర్రగా పొక్కిపోయాయి.

"అమ్మోరొచ్చింది," అంది ఆమె కోడలు, మా వదిన, గొంతు తగ్గించి. "నీసు ఒండకూడదు. మందులెయ్యకూడదు. గుమ్మం దాటకూడదు."

ఒంటి మీద పొక్కులు లేస్తే మాకు అమ్మవారు ఇంటికొచ్చినట్టే. పెరుగన్నం పెట్టి, ఆవిడ తనంతట తాను వెళ్లేదాకా ఊరుకుంటాం. నేను పెరట్లోకెళ్లి ఫోన్ చేశాను. ఇవాళే తీసుకురమ్మంది డాక్టరమ్మ. లోపలి అవయవాలకి పాకితే ప్రాణం మీదికొస్తుందంది.

"పెద్దమ్మా, ఆసుపత్రికి పోదాం."

"అమ్మోరిని ఇంట్లో ఎట్టుకుని ఎక్కడికిరా? ఆయమ్మకి కోపమొత్తాది. నాను పోతే పోతాను, ఇల్లు బాగుండాల."

వదిన ఏడుపందుకుంది. నాకూ ఏడవాలనే ఉంది. కానీ ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటే బస్సు ఎవరు ఆపుతారు?

"ఆయమ్మనీ తీసుకుపోదాం. ఆడోల్లకి బస్సు ఫ్రీయే కదా."

పెద్దమ్మ చాప మీద లేచి కూర్చుంది. "ఆధార్ కార్డు అడిగితే?"

"నీది సూపిద్దాం. ఇద్దరిదీ ఒకటే అడ్రస్సు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. గుమ్మం నుంచి ఓ వేపమండ తీసి చేత పట్టుకుని బయల్దేరింది.

డాక్టరమ్మ ఆ మండని మెల్లగా పక్కన పెట్టి చేతులు చూసింది. అదేమిటని అడగలేదు. స్టెరాయిడ్ మాత్రలు రాసి, సెలైన్ మందు కొన్నాళ్లు ఆపుదామంది. పెద్దమ్మకి అప్పుడేసింది భయం.

"కాపలావోల్లని పడుకోబెడితే గడ్డ పెరిగిపోద్దేటమ్మా?"

"పడుకోబెట్టడం లేదు, కాస్త శాంతపరుస్తున్నాం. తగ్గాక మళ్లీ మొదలెడదాం."

దద్దుర్లు తగ్గాయి. తర్వాతి స్కాన్‌లో గడ్డ పోలేదు గానీ చిన్నదైంది. మాకది చాలు. సెలైన్ మళ్లీ పెట్టిన రోజు, పక్క కుర్చీలో మొదటిసారి వచ్చినావిడ బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

"ఒంటి మీద ఏటి లేసినా ముందు ఫోన్ సెయ్యమ్మా," అంది పెద్దమ్మ. "ఏపమండలు తరవాత కట్టుకుందువు గాని." అని ఊరుకోకుండా, నా చేత డాక్టరమ్మ నంబరు ఆవిడ ఫోన్లో ఎక్కించి, ఓసారి మోగించి చూడమంది.

అప్పుడే వచ్చి ఎదురుగా నిలబడ్డ డాక్టరమ్మ జేబులో ఫోన్ మోగింది.