మస్తాన్ మామ వాకిలి వయసు

ఒక్క దూలం వయసు తప్పు చెప్పి, బత్తలపల్లెలో కొత్త కుట్టుమిషన్‌ను నెలల తరబడి ఎండలో మాడ్చిన మహానుభావుణ్ణి నేనే.

అప్పుడు కొత్తగా ప్రయోగశాలలో చేరాను. సముద్రాల అవతల, మధ్య అమెరికాలో, మాయా అనే పాతకాలపు జనం కట్టిన గుళ్ళ కొయ్య దూలాల మీద వాళ్ళ లెక్కలో తేదీలు చెక్కి ఉంటాయి. కొయ్యలో ఏళ్ళు గడిచేకొద్దీ తరిగిపోయే రేడియోకార్బన్‌ను కొలిచి, అది మన లెక్కలో ఏ ఏడో తేల్చడం మా పని. అక్కడి మా సార్ మొదటి రోజే హెచ్చరించారు: చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది, ముక్కను బెరడు పక్కనున్న ఆఖరి వలయం నుంచే తీయాలి. చెట్టును ఎప్పుడు నరికారో చెప్పేది అదే. నడిమి వలయం చెట్టు పసితనం గురించి చెబుతుంది. సెలవులకు వచ్చినప్పుడు ఈ సూత్రాన్ని మా నాయనకు, పాలవాడికి, బస్సు కండక్టరుకు కూడా బోధించాను. నాకు తప్ప.

మా పక్కింటి మస్తాన్ మామ దర్జీ. నా బడి చొక్కాలన్నీ ఆయన చేతివే. కొలత తీస్తూ గిలిగింతలు పెట్టనిదే వదిలేవాడు కాదు. ఆ ఏడు ఎంబ్రాయిడరీ మిషన్ కొన్నాడు. మిషన్ ఏనుగంత, వాకిలి మేక దూరేంత. పైదూలం తీసి వాకిలి పెద్దది చేద్దామని రంపం తెచ్చాడు. అంతవరకూ మిషన్ టార్పాలిన్ కప్పుకుని అరుగు మీద కూర్చుంది.

"ఆగు మామా! దాని వయసు తేల్చాల."

"మా తాత కట్టినాడప్పా ఈ ఇల్లు. తేల్చేదేముండాది?"

"అది సైన్సు చెప్పాల, నువ్వు కాదు."

"సరే, తీసుకో. దూలానికుండే పచ్చరంగు మాత్రం గీకొద్దు. దాంతో బెంచీ చేపిస్తా."

రంగు చెడకుండా, గోడ బయటికి పొడుచుకొచ్చిన కొసన నడిమధ్యలో తొలిచాను. కొలిపించి, ఫలితంతో ఊరికి పరుగెత్తాను. దాదాపు మూడు వందల ఏళ్ళు!

"రంపం పెడితే చరిత్రను కోసినట్టే మామా!" అని వీధి వినేలా అరిచాను. తెల్లారేసరికి దూలానికి పసుపు, కుంకుమ. జాకెట్లు కుట్టించుకోను వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి, దండం పెట్టి, గుడ్డ ఇవ్వడం మరిచి వెళ్ళిపోయేవారు.

"అల్లుడా, దండాలు బాగా వస్తాండాయి, జాకెట్లే రాలా. పెండ్లిండ్ల కాలం దాటిపోతాండాది. మిషన్ యాడ పెట్టుకోవాల, నీ నెత్తినా?"

నేను మాత్రం గర్వంగా సార్‌కు ఫోన్ చేశాను.

"ముక్క ఎక్కడ తీశావు?"

"నడిమధ్యలో సార్."

"మాయా వాళ్ళు అదృష్టవంతులు. నిన్నింకా అక్కడికి పంపలేదు" అన్నారు.

మూడు వందల ఏళ్ళ నాడు అది లేత మొక్క. నరికింది మామ తాతే. తల దించుకుని వెళ్ళి ఒప్పుకున్నాను. మామ మెడలో టేపు సర్దుకుని వీధి జనం ముందే తేల్చేశాడు.

"చెట్టుకు మూడు వందలు. ఇంటికి తొంబై. నీకు ఇరవై నాలుగు. నీ తెలివికి మాత్రం ఇంకా పాలపండ్లు గూడా మొలవలేదప్పా. రంపం ఆ కొస పట్టుకో!"

పట్టుకున్నాను. మిషన్ లోపలికి వెళ్ళింది. దూలం పచ్చబెంచీ అయింది. ఊరికి పోయినప్పుడల్లా దాని మీద కూర్చుని, మిషన్ చప్పుడు వింటూ, పాత చొక్కాలను తలచుకుంటాను. ఆ బెంచీ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: బెరడు ముఖం చూడనిదే ఏ కొయ్య వయసూ చెప్పను. ఈ బెంచీ వయసు ఎవరైనా అడిగితే, మామనే అడగమంటాను.