పోటు మీద వదిలిన పంచాంగాలు

గోదావరిలో పుస్తకాలు వదిలినవాళ్ళు ఈ జిల్లాలో నాకు ముందూ ఉండే ఉంటారు. కానీ వదిలిన పుస్తకాలు తనకంటే ముందే ఊళ్ళోకొచ్చి కూర్చున్న ఘనుడు మాత్రం నేనొక్కడినే. ఆ పుస్తకాలతోపాటు నా ఉద్యోగం, నా పరువు, మా అమ్మ మొక్కుకున్న మొక్కులు అన్నీ ఎలా నీళ్ళపాలయ్యాయో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ముప్పై ఏళ్ళయింది, ఇప్పుడు నాకే నవ్వొస్తోంది.

అది హేవిళంబి సంవత్సరం. నాకు ఇరవై రెండేళ్ళు. మాది పెద్దాపురం. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక, నరసాపురం పఠన మందిరంలో లైబ్రేరియన్‌గా చేరాను. మూడు బీరువాలు, రెండు బల్లలు, ఒక రిజిస్టరు, వాటన్నిటిమీదా నేను. ఆ బిరుదు చూసుకుని నేను నడిచే నడక చూస్తే కలెక్టరుగారు కూడా పక్కకి తప్పుకునేవారు. అమ్మ నాతోనే ఉండేది. ఆవిడకి మాత్రం ఈ బిరుదు ఆనలేదు. "పుస్తకాలకి కాపలా ఏంటిరా, తాలూకా కచేరీలో గుమాస్తా అయితే కదా మర్యాద," అని రోజూ దీపం పెట్టినప్పుడల్లా దేవుడికో మొక్కు మొక్కేది.

మందిరానికి అధ్యక్షులు జోగయ్య పంతులుగారు, పేరున్న వకీలు. ఆయన మద్రాసు నుంచి పెట్టెడు ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించారు. పెట్టె వచ్చిన రోజున నన్ను పిలిచి, "సూర్యం, ఒక బీరువా ఖాళీ చెయ్యి. పనికిరానివేవో ఏరి, నాకు చూపించి అప్పుడు తియ్యి," అన్నారు. ఆ మాటలో 'ఖాళీ చెయ్యి' అన్నంతవరకే నా చెవికెక్కింది. మిగతాది గుమ్మం దాటేలోపు మర్చిపోయాను.

ఏవి పనికొస్తాయో, ఏవి రావో ఎలా తేల్చాలి? మరొకడైతే నలుగురినీ అడిగేవాడు. నేను అడగను కదా, లైబ్రేరియన్‌ని. రిజిస్టరు ముందేసుకుని ఒక సూత్రం కనిపెట్టాను. మూడేళ్ళుగా ఎవరూ సంతకం పెట్టి పట్టుకెళ్ళని పుస్తకం చచ్చిన పుస్తకం. దానికి చెయ్యాల్సింది అంత్యక్రియలే. రెండు రోజులు కూర్చుని లెక్క తీస్తే, మూడో బీరువా కింది అరలో ఒక వరస మొత్తానికి ఒక్క సంతకమూ లేదు. ఏమిటా అని చూస్తే పాత పంచాంగాలు, ముప్పై ఏళ్ళవి, ఏటికొకటి. నవ్వొచ్చింది. నిన్నటి వర్జ్యం ఇవాళ ఎవడిక్కావాలి? పోయినేడాది ఏకాదశికి ఈ ఏడాది ఎవడు ఉపవాసముంటాడు?

ఇక్కడో చిన్న మాట దాచకుండా చెప్పేస్తాను. ఆ పంచాంగాల్ని ఎవరూ చూడరని నాకు తెలుసా అంటే, చూస్తారనే తెలుసు. వాటిని మందిరానికిచ్చిన సిద్ధాంతిగారే రోజు విడిచి రోజు స్నానం చేసొచ్చి, కిటికీ దగ్గర నిలబడి, ఏదో ఒకటి తీసి చూసి, మళ్ళీ యథాస్థానంలో పెట్టి వెళ్ళేవారు. తండ్రి తిథి మర్చిపోయినవాళ్ళు, పిల్లల జాతకాలు పోగొట్టుకున్నవాళ్ళు ఆయన్ని వెంటబెట్టుకొచ్చేవారు. "సంతకం పెట్టండి," అంటే, "నిలబడి చూసేదానికి సంతకమెందుకు నాయనా," అనేవారు. ఆయన పెట్టలేదు కాబట్టి రిజిస్టరులో లేదు. రిజిస్టరులో లేనిది లోకంలోనే లేదని నా నమ్మకం. ఆ రోజుల్లో నా బుర్ర అలా పనిచేసేది.

సరే, తీసేశాను. పారెయ్యడం ఎలా? చింపితే పాపం, కాలిస్తే మహాపాపం, పొట్లాలకిస్తే సరస్వతి శపిస్తుంది. అక్షరమున్న కాగితానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకునేవాళ్ళం. పనికిరాని పుస్తకానికి మనవైపు ఒకటే మర్యాద, గోదావరిలో కలపడం. మద్రాసు పుస్తకాలొచ్చిన చెక్కపెట్టె ఖాళీగా ఉంది, లోపలంతా మైనపు గుడ్డ పరిచి ఉంది. పంచాంగాలు అందులో పేర్చి, పసుపు కుంకుమ చల్లి, పూలు వేసి, కొబ్బరికాయ కొట్టి ఒక చెక్క లోపల పెట్టి, మూత వేసి మేకులు కొట్టాను. మా ఇంట్లో ఏ శుభకార్యమూ అంత శ్రద్ధగా జరగలేదు.

సోమవారం పొద్దున్నే పెట్టెతో రేవుకి వెళ్ళి పోలయ్య పడవెక్కాను. పోలయ్య నలభై ఏళ్ళుగా ఆ రేవులో పడవ నడిపేవాడు, మాట తక్కువ మనిషి. నడిగోదాట్లోకి వెళ్ళాక పెట్టె దింపబోతుంటే నావైపు ఒకసారి, నీళ్ళవైపు ఒకసారి చూసి, "ఇప్పుడేనాండి?" అన్నాడు.

"ఇప్పుడే," అన్నాను, శంఖం ఊదినంత గంభీరంగా.

పెట్టె నీళ్ళమీద రాజహంసలా కూర్చుంది. విడిచిపెట్టినదాన్ని తిరిగి చూడకూడదని అమ్మ చెప్పేది. అందుకని నేను తల తిప్పలేదు, సముద్రంలో కలిసిపోతుందిలే అనుకుని ఇంటికొచ్చి రెండు పూటల భోజనం ఒక పూటే చేశాను.

మంగళవారం పంతులుగారి నుంచి కబురు. తాలూకా కచేరీలో గుమాస్తా పని ఒకటి ఖాళీ అయిందట. ఆయన తహశీల్దారుగారికి నా గురించి చెప్పారట. చేతివ్రాత నచ్చిందట. ఒక్కటే చిక్కు. వయసు మించలేదని రుజువుగా ఆదివారం సాయంత్రంలోపు జాతకం చూపించాలి. లేకపోతే ఇంకొకడు జాతకం చంకలో పెట్టుకుని వరండాలో కూర్చునే ఉన్నాడు.

అమ్మకి చెబితే ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. మొక్కులన్నీ వరసగా ఒప్పచెప్పింది. నాకూ గుండె పొంగింది. అంతలో గుర్తొచ్చింది, నా జాతకం పెద్దాపురంలో మా తాటాకిల్లు తగలబడినప్పుడే బూడిదైపోయిందని. అమ్మకి జ్ఞాపకమున్నది ఇంతే. యువ నామ సంవత్సరం, కార్తీక మాసం, పున్నమి వెళ్ళిన రెండో గురువారం, దీపాలు పెట్టే వేళ. "అది చాలదూ?" అంది. చాలుతుందో లేదో కనుక్కుందామని సిద్ధాంతిగారింటికి పరుగెత్తాను.

ఆయన అంతా విని తలూపారు. "భేషుగ్గా చాలు నాయనా. ఆ ఏటి పంచాంగం ఉంటే తిథి, నక్షత్రం చూసి గంటలో రాసిస్తాను. మీ మూడో బీరువా, కింది అర, ఎడమ నుంచి తొమ్మిదోది. పట్టుకురా."

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను గొయ్యి తీసి, పసుపు కుంకుమలతో పూజచేసి మరీ పడ్డాను.

"పంచాంగం లేకుండా, ఊరికే లెక్కగట్టి రాయలేరాండి?"

"నా కళ్ళు మునుపటిలా ఉంటే కట్టేవాణ్ణే. చూడకుండా రాస్తే అది జాతకమవదు, కట్టుకథవుతుంది. అయినా ఎదురుగా పుస్తకముండగా ఆ కష్టమెందుకు?"

"అది… బయటికెళ్ళిందండి."

"ఎవరు పట్టుకెళ్ళారు?"

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఊళ్ళో ఇన్ని పేర్లుండగా నా నాలుకకి దొరికిన పేరేంటో వినండి.

"పంతులుగారండి."

"జోగయ్య పంతులా? శకునమంటేనే నవ్వే మనిషి, పంచాంగం చూస్తున్నాడా?"

"ఈమధ్య మారారండి."

సిద్ధాంతిగారు నావైపు చాలాసేపు చూశారు. "మంచిదే. ఆదివారం నేనే వచ్చి ఆయన్నడిగి తీసుకుంటాలే," అన్నారు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. నేను తిన్నగా మందిరానికెళ్ళి, ఎందుకైనా మంచిదని రిజిస్టరు తీసి, యువ పంచాంగం పంతులుగారు పట్టుకెళ్ళినట్టు నా అందమైన చేతివ్రాతతో రాసిపెట్టాను. చేసిన తప్పు చాలక దానికి రుజువు కూడా నేనే తయారుచేశాను.

మర్నాడు రేవుకెళ్ళి పోలయ్యని పట్టుకున్నాను. ఆ పెట్టె సముద్రంలో ఎంత దూరం పోయుంటుంది, వలలవాళ్ళు ఎవరైనా వెళ్ళి తేగలరా అని ఆరాటంగా అడిగాను. పోలయ్య తెడ్డు పక్కన పెట్టి నన్ను జాలిగా చూశాడు.

"సముద్రమేంటండి బాబూ? మీరు దింపింది పోటు మీదండి. అందులోనూ పున్నమి పోటు. సముద్రం నీళ్ళు పైకి తోసుకొస్తుంటే పెట్టె కిందికెలా పోద్దండి? మీరు పడవ దిగేలోపే అది రేవులు దాటేసుంటది."

పెద్దాపురం దగ్గర మా ఏలేరు పుట్టినప్పటినుంచీ ఒకవైపే పారుతుంది. నది పొద్దున ఒకవైపూ సాయంత్రం ఇంకోవైపూ నడుస్తుందని నాకెవరు చెప్పారు? ఒళ్ళు మండి, "మరి ఆ రోజే చెప్పొద్దా?" అన్నాను.

"ఇప్పుడేనా అని అడిగానండి. ఇప్పుడే అన్నారు. చదువుకున్న బాబుగారు, పంచాంగం చూసుకునే వచ్చారనుకున్నానండి."

తిథి చూస్తే పోటు వేళ తెలుస్తుంది. తిథి పంచాంగంలో ఉంటుంది. నేను ముప్పై పంచాంగాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఈ ఏటిది తెరిచి ఇవాళేం తిథో చూసుకోలేదు.

ఇక బుధవారం నుంచి శనివారం దాకా నేను తిరగని రేవు లేదు. చాకళ్ళనడిగాను, వలలు బాగుచేసుకునేవాళ్ళనడిగాను, గట్టు మీద గేదెల్ని కాసేవాళ్ళనడిగాను. చెక్కపెట్టె కనబడిందా అంటే అందరూ తల అడ్డంగా ఊపారు. ఏట్లో రోజూ పొద్దున్నే స్నానం చేసే మనిషి ఒకాయన ఉన్నారు కదా, ఆయన్నడుగుదామని మాత్రం తోచలేదు. ఇంటికొస్తే అమ్మ, "జాతకం అయిందా?" అనేది. "అవుతోంది," అనేవాణ్ణి. ఆవిడ కచేరీకి కట్టుకెళ్ళమని నాన్న పంచె ఉతికి, మడతపెట్టి సిద్ధంగా ఉంచింది.

ఆదివారం వచ్చింది. పంతులుగారూ సభ్యులూ కూర్చుని పత్రికలు చదువుతున్నారు. సిద్ధాంతిగారు లోపలికొచ్చారు, ఆయన వెనకాల కూలివాడొకడు నెత్తిమీద పెట్టెతో. బల్ల మీద దింపాడు. నా కాళ్ళ కింద నేల కూడా పోటు మీదున్నట్టే కదిలింది. పంతులుగారు కళ్ళజోడు సవరించుకుని పెట్టె మీద ఇంగ్లీషు అక్షరాలు చదివారు.

"నా పేరే ఉంది. ఇంకో పెట్టె తెప్పించలేదే నేను?" అని మూత తీయించారు. పసుపు, కుంకుమ, వాడిన పూలు, వాటి మధ్య కొబ్బరిచెక్క. "ఏమోయ్ సూర్యం, మద్రాసువాళ్ళు పుస్తకాలకి కొబ్బరికాయ కూడా కొట్టి పంపుతున్నారా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. సిద్ధాంతిగారు నెమ్మదిగా చెప్పారు. సోమవారం పొద్దున తాను మెడలోతు నీళ్ళలో సంధ్యవారుస్తుంటే, ఈ పెట్టె వచ్చి వీపుకి తగిలిందట. తాను మందిరానికిచ్చిన పుస్తకాలు పూజ చేయించుకుని తనకే తిరిగొచ్చాయట. మైనపు గుడ్డ పుణ్యమా అని నాలుగైదు మాత్రమే అంచులు తడిశాయట. మంగళవారం నన్ను పట్టుకురమ్మన్నది నేనేం చెబుతానో చూద్దామనేనట. "అన్నీ ఉన్నాయండి. యువ పంచాంగం కూడా ఇందులోనే ఉంది. కానీ అది తమరి దగ్గరుందని సూర్యం అంటున్నాడు. ఏది నిజమో తమరే చెప్పాలి."

పంతులుగారు రిజిస్టరు తెరిచారు. చదివారు. మళ్ళీ చదివారు. కేకలేస్తే బాగుండుననిపించింది, ఆయన వెయ్యలేదు.

"పుస్తకాలు నీళ్ళలో వేశావు, తెలియక వేశావనుకుంటాను. నేను తీసుకోని పుస్తకం నా పేర రాశావు. రేపు కచేరీలో ఒకడి చేను ఇంకొకడి పేర రాయవని తహశీల్దారుగారికి నేనెలా చెప్పను?"

అంతే. వరండాలో జాతకం చంకలో పెట్టుకున్నవాడు సోమవారం గుమాస్తా అయ్యాడు. నేను ఇంటికెళ్ళి జరిగిందంతా అమ్మకి చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆవిడ ఆ పంచె మడత విప్పి నాకిచ్చి, "ఇది కట్టుకుని ఆ ముసలాయన కాళ్ళమీద పడు, ముందు," అంది.

వెళ్ళి పడ్డాను. సిద్ధాంతిగారు లేవనెత్తి, ఎలాగూ పుస్తకం దొరికింది కదా అని జాతకం రాశారు. ఉద్యోగం పోయాక వచ్చిన జాతకం! పోనీ ముందేముందో వినాలని, "ఏమైనా గండాలున్నాయాండి?" అని బెదురుతూ అడిగాను.

"నీకేం జలగండం లేదు నాయనా. నీ చేతిలో పడ్డ పుస్తకాలకే ఉంది."

పంతులుగారు నన్ను మందిరంలోంచి తీసెయ్యలేదు. శిక్ష వేశారు. రోజూ పొద్దున్నే పంచాంగం చూసి, ఆనాటి తిథి, వారం, నక్షత్రంతోపాటు గోదావరికి పోటెప్పుడో ఆటెప్పుడో గుమ్మం పక్క నల్లబల్ల మీద రాయాలి. పోటు లెక్క పోలయ్య దగ్గర నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాను. చదువు రాని పడవవాళ్ళకి చదివి కూడా వినిపిస్తాను. వింటున్నంతసేపూ పోలయ్య మీసాల్లో నవ్వుకునేవాడు.

కాబట్టి పాఠకమహాశయులారా, గోదావరి తల్లి సాక్షిగా, మూడో బీరువా సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ ఒంట్లో ప్రాణముండగా ఒక్క పుస్తకమైనా ఎవర్నీ అడక్కుండా తీసెయ్యను. ఒకవేళ తప్పనిసరై ఏదైనా గోదాట్లో కలపాల్సే వస్తే, ముందు పంచాంగం తెరిచి ఆటు వేళ చూసుకునే కలుపుతాను. ఆ చూసిన పంచాంగాన్ని మాత్రం ఒడ్డునే ఉంచి వెళతాను.