ఆరని అగ్గిపుల్ల

మా నాయన బంగారు గనిలో రాళ్లకు తూట్లు పొడిచే పని చేసేవాడు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేరిందని ఆయనకు డాక్టరు కంటే ముందు చెప్పింది అగ్గిపుల్ల. ఆదివారం బీడీ ముట్టించుకున్నాక, మండే పుల్లను నోటికి జానెడు దూరాన పట్టుకుని, పెదాలు ముడవకుండా నోరు తెరిచి ఊదేవాడు. ఆరితే ఇంకో వారం గనిలోకి దిగొచ్చని ఆయన, ఆయన జతగాళ్లు అనుకునేవాళ్లు. ఒక ఆదివారం ఆరలేదు. గాలి తగులుతోందేమోనని తలుపు మూయించి ఇంకో పుల్ల గీశాడు. అదీ ఆరలేదు. బీడీని సగంలోనే పారేశాడు.

ఆయన పోయిన కొన్నేళ్లకు నాకు రక్తంలో జబ్బు వచ్చింది. తమ్ముడి ఎముకల్లోని మూలుగ తీసి నాకు ఎక్కించారు. అది జరిగి పదకొండేళ్లు. నా రక్తం గ్రూపు కూడా మారి వాడిదే అయింది. నేను విసుక్కుంటే వాడికి నవ్వు.

"నన్ను తిట్టబాకక్కా. లోపల ఉండేది నా రక్తమే, నన్నే తిడతాండాది."

బతకడమైతే బతికాను. ఎండలోకి పోతే చర్మం కమిలిపోతుంది. కారం నాలుక మీద పెట్టలేను, రాగిముద్దలోకి చప్పటి పప్పే. కళ్లలో నీళ్లు ఊరవు, గంటకోసారి చుక్కల మందు వేసుకోవాలి. మా అమ్మ పోయిన రోజు పక్కింటామె నా మొహంలోకి చూసి, "కన్నతల్లి పోయినా ఒక చుక్క రాలేదే నీకు" అంది.

"ఉండొదినా, సీసా తెచ్చుకొని ఏడుస్తాను" అన్నాను.

ఇవన్నీ ఎందుకో, మూలుగ ఎక్కించిన బెంగళూరు డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. తమ్ముడి మూలుగకు నా ఒళ్లు పరాయి ఇల్లట. ఎన్నేళ్లయినా తిరగబడుతుందట. కళ్లకీ చర్మానికీ మందులున్నాయి గానీ, పొడి దగ్గు పట్టి ఊపిరి తగ్గితే మాత్రం ఆ రోజే రమ్మంది. ఈ మాట తమ్ముడికి చెప్పలేదు. ఇచ్చినవాడికి ఎలా చెప్పేది?

ఈ ఏడు గాలికాలంలో దగ్గు వచ్చింది. గాలి లేస్తే మా ఊళ్లో గనిమట్టి గుట్టల మీది దుమ్ము ఇళ్లలోకి వచ్చి పడుతుంది. వీధంతా దగ్గుతుంది. అందుకే మా దగ్గర దగ్గుకు ఎవరూ తల తిప్పరు. నేనూ తిప్పలేదు. వానలు పడి దుమ్ము అణిగింది. వీధి దగ్గడం మానేసింది. నేను మానలేదు. కొళాయి నుంచి బిందెతో వస్తూ రెండుసార్లు ఆగేదాన్ని. ఎవరైనా చూస్తే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేదాన్ని.

తమ్ముడికి బెంగళూరు దారిలోని నరసాపురం ఫ్యాక్టరీలో పని. అక్కడే గదిలో ఉంటాడు, నెలకో ఆదివారం వస్తాడు. పోయిన ఆదివారం వాడికి ముద్ద వడ్డిస్తూ దగ్గాను.

"పోయిన నెల కూడా ఇట్లే దగ్గుతా ఉంటివి."

"దుమ్ముకప్పా."

"వాన పడి ఎన్నాళ్లాయె. దుమ్ము యాడుండాది?"

నేను నీళ్ల చెంబు జరిపాను. వాడు లేచి వెళ్లి పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టె తెచ్చాడు.

"నాయన మాదిరి ఊదు."

"అన్నం ముందర పెట్టుకొని ఏం ఆటలురా ఇవి?"

"ఊదక్కా."

పుల్ల గీసి చెయ్యి చాచాడు. నోరు తెరిచి ఊదాను. మంట కొంచెం వంగి, మళ్లీ నిలబడింది. నేను తలుపు వైపు చూశాను. అది వేసే ఉంది. వాడు ఇంకోటి గీశాడు. ఈసారి మంట వంగను కూడా లేదు. వేళ్ల దాకా కాలుతూ వచ్చినా వాడు వదల్లేదు. నేనే చేత్తో నలిపి ఆర్పాను.

"డాక్టరమ్మ ఏం చెప్పినాది నీకు?"

చెప్పాను, పరాయి ఇల్లన్న మాటతో సహా.

వాడు తన ముంజేతి నరాల వైపు చూసుకున్నాడు. "అయితే నిన్ను తినేది నాదేనా?"

నేను కాలిన పుల్లలు ఏరి పొయ్యిలో వేశాను.

"ఆస్పత్రి ఫైలు యాడ పెట్టినావు?"

బీరువా పైకి చూపించాను. దుమ్ము దులిపి సంచిలో పెట్టుకున్నాడు. మరునాడు పొద్దున్నే బెంగళూరు బస్సుకు బయల్దేరాం. వీధి మలుపు దాకా కూడా పోలేదు, నేను చెప్పు కోసమని వంగాను.

వాడు ఆగాడు. "ఇంగ వంగబాకక్కా. నిలబడే ఊపిరి తీసుకో. నేను చూస్తాండా."